పదకొండు మెట్లు

ధవళేశ్వరం,
26 జూలై 2025.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి నాగదుర్గకి మీ నాన్న పల్లంరాజు దీవించి రాసేది.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగాలేవు గాని అవి నా మాట వినడం మానేసి చాలా కాలమైంది కాబట్టి వాటి సంగతి వదిలేశాను. అల్లుడుగారికి నాయబ్ సుబేదారుగా ప్రమోషన్ వచ్చిందని చదివి లాకు దగ్గర అందరికీ చెప్పాను తల్లీ. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాను. కొత్త లస్కరు రమేష్ బాబు “పొద్దున్న చెప్పారండీ పల్లంరాజు గారూ” అన్నాడు. మళ్ళీ వింటే నీ చెవులేమైనా అరుగుతాయా అన్నాను.

చెవులంటే గుర్తొచ్చింది. నువ్వు ఫోన్లో అరుస్తున్నావని తెలుస్తుంది గాని ఏమని అరుస్తున్నావో తెలియదు. ముప్పై నాలుగేళ్ళు కాలవ లాకు తలుపులు తీస్తూ మూస్తూ, నీళ్ళ హోరులో లస్కరు పని చేసిన చెవులివి. ఉత్తరమైతే నీ మాట నాకు పూర్తిగా వినపడుతుంది. మీ అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. దాని మాటా వినపడదు, పెదాలు కదలడం చూస్తూ కూర్చుంటాను. అందుకని పెద్ద ఉత్తరాలు రాయి.

మొన్న గురువారం ఆషాఢ అమావాస్య. ఏటా వేసే చేపల ముద్ద ఈ ఏడూ వేశాను. చిన్నప్పుడు నువ్వూ నా వేలు పట్టుకుని వచ్చేదానివి. రేవులో అన్నం ముద్ద వదలడం, నాయనమ్మ దాచుకున్న ఎనామిలు మగ్గుతో మూడుసార్లు నీళ్ళు పొయ్యడం, వెనక్కి చూడకుండా పదకొండు మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఎక్కెయ్యడం. వెనక్కి చూస్తే చేపలు బెదురుతాయనేది మా అమ్మ. కొత్తనీరు వచ్చే వేళ గోదావరికి మన పడవలవాళ్ళు పెట్టుకునే మర్యాద అది. ఇప్పటివాళ్ళకి ఎవరికీ పట్టడంలేదు, రేవులో నేనొక్కడినే.

ముద్దకి వారం ముందు ఆ మగ్గు తోముతుంటే అడుగున అంకెలు చేతికి తగిలాయి. మేకుతో గీసినట్టున్నాయి. మా నాన్న మిలిటరీ నుంచి సెలవుకొచ్చి వదిలేసి వెళ్ళిన మగ్గని అమ్మ చెప్పేది. ఒకవేళ అది ఆయన నంబరేమో. నువ్వు మిలిటరీ క్వార్టర్లలో ఉన్నావు, అల్లుడుగారు ఆఫీసు పని తెలిసినవారు. అడగనా వద్దా అని వారం రోజులు ఆలోచించి అడుగుతున్నాను.

నీకు తెలిసిన కథే, అయినా కాగితం మీద ఉండాలి కదా. మా నాన్న నూకరాజు, పడవ నడిపే సరంగు, సొంతూరు భైరవపాలెం, కాపురం ఇక్కడే ధవళేశ్వరంలో. పెద్ద యుద్ధంలో పటాలంలో చేరాడు. నేను కడుపులో ఉండగా వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. రంగూన్లో ఇంకో సంసారం పెట్టాడని భైరవపాలెమంతా అనుకున్నారు. మా అమ్మ బంగారమ్మ మాత్రం ఎనభై తొమ్మిదిలో పోయేదాకా బొట్టు తియ్యలేదు, చేపల గంప మోసి నన్ను పెంచింది. ముత్తయిదువగానే సాగనంపాం.

ఉన్నాడో లేడో తెలియని మనిషికి పిండం ఎలా పెడతాం? మహాలయ అమావాస్యకి ముత్తాతకి వదిలి, తాతకి వదిలి, నాన్న దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతుంది. నాకు ఎనభై నిండాయి దుర్గా. ఆయన పోయిన రోజు ఏదో తెలిస్తే, నేను పోయేలోపు ఒక్కసారి నాన్నా అని పిలిచి ముద్ద పెట్టాలి. ఇంకేమీ అక్కర్లేదు.

నీ నాన్న,
పల్లంరాజు.

బెంగళూరు,
9 ఆగస్టు 2025.

నాన్నకి,

వారం రోజులు ఆలోచించారా? ఇది అడగడానికా? ఆయన మీ ఉత్తరం చదివి, “మామయ్యగారు ఎనభై ఏళ్ళు ఆగి అడిగారు, మనం ఎనిమిది రోజులైనా ఆలస్యం చెయ్యకూడదు” అన్నారు. ఆ సాయంత్రమే ఫారాలు తెచ్చారు.

విషయం ఏంటంటే, పేరుతో వెతికితే లాభం లేదట. పటాలంలో నూకరాజులు ఎంతమందో. నంబరుంటే మాత్రం పాత కాగితాలు ఎక్కడున్నా బయటికి తియ్యొచ్చట. మగ్గు బోర్లించి, మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిల్ని పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. అంకెలు తేలతాయి. ఎవరినో పంపి ఫొటో తియ్యమనకండి, ఫొటోలో అరిగిపోయిన గీతలు కనపడవట. ఫారాల మీద మీరే సంతకం పెట్టాలి, కొడుకుని అని రాయాలి. మూడు కాపీలు.

చేపల ముద్ద నాకెందుకు గుర్తులేదు! నాయనమ్మ అందరికంటే ఆఖర్న వచ్చేది. పైమెట్టు మీద నేను ఎదురుచూసేదాన్ని. వచ్చేసరికి ఆవిడ బొట్టు అప్పుడే పెట్టుకున్నట్టు తడిగా, ఎర్రగా ఉండేది. ముద్దు పెట్టుకుంటే నా ముక్కుకి అంటుకునేది. నిన్న ఇది చెబితే మా అత్తగారు నవ్వారు. “ఆషాఢంలో చేపలకి అన్నమేంటే? మాదీ పడవల కొంపే, ఎక్కడా వినలేదు” అన్నారు. వాళ్ళ కోరంగిలో లేని ఆచారం మనకెక్కడిది నాన్నా?

మీ మనవరాలు హారతి ముత్తాత గురించి అడుగుతోంది. ఫొటో ఒక్కటైనా లేదా అంటుంది. మగ్గుందని చెప్పాను.

మీ దుర్గ.

ధవళేశ్వరం,
18 ఆగస్టు 2025.

బంగారు తల్లి దుర్గకి,

ఇదిగో నంబరు! నాలుగు కాగితాలు చింపాను, ఐదోదాని మీద తేలింది. చివర ఉన్నది ఏడా ఒకటా అని రమేష్ బాబుకీ నాకూ పెద్ద వాదన. వాడు ఒకటన్నాడు. వెలుతురులో పెట్టి చూస్తే ఏడు. నేనే గెలిచాను.

ఫారం మీద ‘సంబంధం’ అన్నచోట ‘కొడుకు’ అని రాశాను. ఎనభై ఏళ్ళలో ఆయన పక్కన ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. మూడు కాపీలని నువ్వు విసుక్కుంటూ రాశావు గాని నాకు ముప్పై ఇచ్చినా రాసేవాణ్ణి.

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పి, కోరంగి వాళ్ళు సముద్రం వైపు పోయి నది మర్యాదలు మర్చిపోయారని చెప్పు. కోపం తెచ్చుకోకుండా చెప్పు.

నీ నాన్న.

బెంగళూరు,
12 సెప్టెంబర్ 2025.

నాన్నకి,

కూర్చుని చదవండి.

తాతగారు దొరికారు.

నలభై మూడు మే నెలలో కాకినాడలో చేర్చుకున్నారు. నదుల మీద స్టీమర్లూ పడవలూ నడిపే దళం. వృత్తి, పడవ నడపడం. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఎడమ కనుబొమ మీద మచ్చ. నలభై నాలుగు జనవరిలో ఇరవై రోజులు ఇంటికి సెలవు. ఆ ఏడే జూలై ఇరవయ్యో తేదీన, బర్మా సరిహద్దు దగ్గర నది వరదలో ఉండగా, సామాను పడవ తిరగబడి తొమ్మిదిమంది పోయారు. తాతగారు దొరకలేదు. అలా దొరకనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర రాతి స్తంభాల మీద చెక్కారట. ఆ జాబితాలో ఆయన పేరు నేనే చూశాను.

ఇంకో సంసారం ఏమీ లేదు నాన్నా. మీరు పుట్టకముందే పోయారు.

మిగతా కాగితాలు ఇంకా చదువుతున్నాం. తర్వాత రాస్తాను. వేళకి తినండి.

మీ దుర్గ.

ధవళేశ్వరం,
22 సెప్టెంబర్ 2025.

నా తల్లీ, నా బంగారం, నన్ను కన్న అమ్మలాంటి దుర్గకి,

నీ ఉత్తరం మహాలయ అమావాస్యకి మూడురోజుల ముందు అందింది! ఎవరు పంపారే తల్లీ దాన్ని అంత సరిగ్గా! నిన్న రేవులో ముత్తాతకి వదిలాను, తాతకి వదిలాను, ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. నాన్నా నూకరాజూ అని అరిచాను. నా అరుపు నాకే వినపడిందంటే చూసుకో. పక్కన వదులుతున్నవాళ్ళు అందరూ తిరిగి చూశారు. చూడండయ్యా, మా నాన్న దొరికాడు అన్నాను.

నాన్న పోయాడని తెలిసి ఇంత సంతోషపడేవాడు లోకంలో నేనొక్కడినేనేమో. పోనీలే. పారిపోలేదు! పని చేస్తూ పోయాడు! ఆత్రేయపురం మనిషి చేత వంద పూతరేకులు తెప్పించి లాకు దగ్గర పంచాను. ఎందుకండీ అని అడిగినవాళ్ళకి కథంతా చెప్పాను. అడగనివాళ్ళకీ చెప్పాను.

ఐదడుగుల నాలుగంగుళాలు! నీళ్ళమట్టం చూసే గేజి పలక పక్కన నిలబడి రమేష్ బాబు చేత కొలిపించుకున్నాను. ఐదడుగుల మూడు. వయసుకి ఒక అంగుళం తగ్గుతారట, కాబట్టి సరిగ్గా అంతే! ఇంటికొచ్చి అద్దంలో ఎడమ కనుబొమ చూసుకున్నాను. మచ్చ లేదు. ఉంటుందని కాదు, ఊరికే.

పంతులుగారిని తిథి చెప్పమని అడిగాను. మన లెక్కలో ఆ జూలై ఇరవై ఏ రోజో పాత పంచాంగం చూసి చెబుతానన్నారు. ఇక ఏటా ఆ రోజున పెట్టుకుంటాను, ఉన్నన్నాళ్ళు.

ఒక్కటే బాధ. మా అమ్మకి తెలియకుండానే పోయింది. నలభై అయిదేళ్ళు వస్తాడు వస్తాడని చూసింది పిచ్చితల్లి. రాత్రి ఇంటికొచ్చాక ఈ సంగతి చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. గోడకున్న అమ్మ ఫొటో దగ్గర నిలబడి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడకి ఏం వినపడిందో.

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. మిగతా కాగితాల్లో ఏముంది? నా కోసం మంచివి దాచుకుంటున్నావా?

నీ నాన్న, నూకరాజు కొడుకు,
పల్లంరాజు.

బెంగళూరు,
5 అక్టోబర్ 2025.

నాన్నకి,

ఇది మూడుసార్లు రాసి చింపాను. మీ సంతోషం చూశాక అసలు రాయకూడదనుకున్నాను. కానీ ఫొటో ముందు నిలబడి చదివానన్నారు చూడండి, అది చదివాక దాచడం నావల్ల కాలేదు.

నాయనమ్మకి తెలుసు నాన్నా.

ఫైల్లో ఒక రసీదుంది. తేదీ 1945 ఫిబ్రవరి. చనిపోయినట్టు తెలిపిన ఉత్తరమూ, ఆయన వస్తువుల పార్సిలూ భార్యకి ముట్టినట్టు. కింద వేలిముద్ర. పక్కన ఇంగ్లీషులో బంగారమ్మ అని రాసి, ధవళేశ్వరం లాకు గుమాస్తా సాక్షి సంతకం చేశాడు. వస్తువుల జాబితా చిన్నది. దుప్పటి ఒకటి, దువ్వెన ఒకటి, చొక్కాలు రెండు, ఎనామిలు మగ్గు ఒకటి.

మగ్గు ఆయన సెలవుకొచ్చి వదిలేసింది కాదు. పోయాక వచ్చింది.

ఇంకొకటి కూడా ఉంది. పింఛను తీసుకోవడానికి రమ్మని ఆవిడకి మూడుసార్లు రాశారు. ఆవిడ వెళ్ళలేదు. చివరికి భార్య రాలేదని రాసి కాగితం మూసేశారు. గంప మోసి బతికిన మనిషి ఎందుకు వెళ్ళలేదు? తెలిసీ మీకెందుకు చెప్పలేదు? ఆయనకీ నాకూ అర్థంకాలేదు.

వేలిముద్ర జిరాక్సు పెడుతున్నాను. చాలా చిన్న వేలు నాన్నా. హారతి తన వేలు ఆనించి చూసి తీసేసింది.

కోపం వస్తే నామీద పడండి. కానీ రాయండి.

మీ దుర్గ.

బెంగళూరు,
8 నవంబర్ 2025.

నాన్నకి,

నెల దాటింది. ఉత్తరం లేదు. రమేష్ బాబుకి ఫోన్ చేశాను. “బాగానే ఉన్నారండీ, రోజూ వచ్చి మెట్ల మీద కూర్చుంటారండీ, ఎవరితోనూ మాట్లాడ్డం లేదు” అన్నాడు. మీరు మాట్లాడటం లేదంటే నాకు భయమేస్తోంది. సెలవు పెట్టి రానా? ఒక్క ముక్క రాయండి, కార్డైనా సరే.

దుర్గ.

ధవళేశ్వరం,
24 నవంబర్ 2025.

చిరంజీవి సౌభాగ్యవతి నాగదుర్గకి నాన్న ఆశీస్సులు.

భయపడకు. కోపం లేదు. ఉన్న కోపం నామీదే.

నీకెప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. లస్కరు పనికి పెట్టుకున్నప్పుడు ఫారంలో తండ్రి ఉన్నాడా లేడా అని అడిగారు. నాకేం రాయాలో తెలియలేదు. ఆఫీసులో ఎవరో ‘ఈయన నాన్న రంగూన్లో కాపురం’ అన్నారు, అందరూ నవ్వారు. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. “ఎవడి కోసమే ఆ బొట్టు? అక్కడ ఎవత్తెతోనో కులుకుతున్నాడు. తుడిచెయ్” అన్నాను. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి. అమ్మ కంచంలో అన్నం పెట్టి “తిను, చల్లారిపోద్ది” అంది. అంతే. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

నీ ఉత్తరం వచ్చాక రోజూ అదే వినపడేది. చెవులు పనిచెయ్యకపోయినా అది వినపడుతుంది.

కార్తీకం నెల పోయాక మొన్న శనివారం బస్సెక్కి బ్యారేజీ దాటి బొబ్బర్లంక వెళ్ళాను. పాపాయమ్మ పిన్ని ఉంది కదా, అమ్మతో గంప మోసిన మనిషి. తొంభై ఐదు దాటాయి. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది.

“ఎవర్రా?” అంది.

“బంగారమ్మ కొడుకుని పిన్నీ.”

“ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? కర్రొకటి! నాకంటే ముసలోడివైపోయావేంట్రా?”

నీ కాగితం తీసి వేలిముద్ర చూపించాను. ఆవిడకి దగ్గరి చూపు ఆనదు. గట్టిగా చెప్పాను. చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. నా చెవికి నోరు ఆనించి చెప్పింది, అందుకని ప్రతి మాటా వినపడింది.

“తెలుసురా. గుమాస్తాగారు చదివినప్పుడు నేను పక్కనే ఉన్నాను, గంప కూడా దించలేదు. చదివి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మీ అమ్మ ఏడవలేదు. నువ్వు మూడు నెలల గుడ్డు, చంకలో ఉన్నావు. ‘బాబూ, ఈ సంగతి ఇంకెవరికన్నా చెబుతారా’ అని అడిగింది. నా చేత గోదారి మీద ఒట్టు పెట్టించుకుంది.”

“ఎందుకు పిన్నీ?”

“ఎందుకేంట్రా, నీకోసం. ఇరవై ఏళ్ళు లేవు దానికి. మొగుడు పోయాడని తెలిస్తే మీ అమ్మని కన్న తాత, పెద్దలూ కూర్చుని మారుమనువు చేసేసేవోళ్ళు. అప్పట్లో మనలో అంతే కదా. మారుమనువెళ్ళే ఆడది కట్టుబట్టతో వెళ్ళాలి, బిడ్డ మొగుడింటోళ్ళది. నిన్ను భైరవపాలెంలో ఇచ్చేసి పోవాలి. బొట్టుంటే మొగుడున్నట్టే. మొగుడున్నదాన్ని ఎవడు తీసుకెళ్తాడు? ఏటా మీ తాత వచ్చి కబురేంటని అడిగేవాడు. బాగున్నాడంట, రాశాడంట అనేది. పింఛను తీసుకుంటే ఊరంతా తెలిసిపోద్దిగా, అందుకే వెళ్ళలేదు.”

“నేను పెద్దవాణ్ణయ్యాకైనా చెప్పొచ్చుగా?”

“నేనూ అదే అన్నాను. ‘మా నాన్న ఉన్నాడని నలుగురిలో చెప్పుకుని పెరిగాడు, ఇప్పుడు నేనే అబద్ధమాడానని ఎలా చెప్పనే’ అంది. నోటితో చెప్పలేక రేవులోకి తీసుకెళ్ళేది.”

అప్పటికి నాకింకా వెలగలేదు దుర్గా. నేనెంత మొద్దునో చూడు. ఇంటికొస్తూ దారిలో పంతులుగారింటికి వెళ్ళాను. రెండు నెలలుగా ఆయనకి ముఖం చూపించలేదు. తిథి ఎప్పుడో చూసి రాసిపెట్టారట. కాగితం చేతిలో పెట్టారు.

1944 జూలై 20. ఆషాఢ అమావాస్య.

చేపల ముద్ద!

అక్కడే వాళ్ళ అరుగు మీద కూలబడ్డాను. పంతులుగారు మంచినీళ్ళు తెచ్చారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆయనకి తెలియలేదు, నాకూ తెలియలేదు. ఎనభై ఏళ్ళుగా నాన్నకి ముద్ద పెట్టలేదని కుమిలిపోయాను. ఐదో ఏటినుంచీ పెడుతూనే ఉన్నాను తల్లీ! ఆయన మగ్గుతోనే నీళ్ళు వదిలాను! ఆ రోజునే, ఒక్క ఏడు తప్పకుండా! జ్వరంలో పెట్టాను, నీ పెళ్ళి ఏడు పెట్టాను, మీ అమ్మ ఆసుపత్రిలో ఉండగా పరుగెత్తుకొచ్చి పెట్టి వెళ్ళాను. పడవలవాళ్ళందరి ఆచారమనుకున్నాను. మీ అత్తగారికి నా క్షమాపణ చెప్పు. కోరంగి వాళ్ళు ఏమీ మర్చిపోలేదు. అది లోకంలో మా అమ్మా నేనూ ఇద్దరమే చేసిన ఆచారం.

రమేష్ బాబుకి ఇంకా చెప్పలేదు. ఈసారి ఎవరికీ చెప్పబుద్ధి కావడంలేదు. నీకే.

ఆఖరిది రాస్తాను. ఆ రోజు నేను బయల్దేరబోతుంటే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. “నువ్వు ముద్దేసి వెనక్కి చూడకుండా మెట్లెక్కేవాడివి కదా, అప్పుడు మీ అమ్మ ఏం చేసేదో తెలుసా?” అంది. తెలియదన్నాను. చూస్తే చేపలు బెదురుతాయని ఎన్నడూ చూడలేదు.

“నువ్వు అటు తిరగ్గానే గోదారి నీళ్ళతో బొట్టు కడిగేసుకునేది. ఉత్తి నుదురుతో నీళ్ళలో నిలబడేది. నువ్వు పైనించి ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంటే వింటా ఉండేది. పది అనగానే కొంగుముడిలో కుంకుమ పొట్లం విప్పి మళ్ళీ పెట్టుకునేది. ఒకసారి చూసి నేనడిగితే, ‘ఏడాదికి ఈ కాసేపైనా ఆయనకి నిజం చెప్పుకోవాలిగా’ అంది.”

నీ ముక్కుకి అంటిన కుంకుమ అదే దుర్గా.

పదకొండు మెట్లు. చిన్నప్పుడు అల్లరికి రెండేసి మెట్లు దూకి ఎక్కేసిన ఏళ్ళున్నాయి. ఆ ఏళ్ళలో అమ్మకి ఎంతసేపు దొరికిందో అని రోజూ అనుకుంటున్నాను. మెల్లగా ఎక్కి ఉండాల్సింది.

వచ్చే ఏడు అధికమాసం వస్తోందట, ఆషాఢ అమావాస్య ఆగస్టు పన్నెండున పడింది. నువ్వూ, అల్లుడుగారూ, హారతీ రండి. ముద్ద నేనే వేస్తాను, నాన్నా అని పిలిచే వేస్తాను. కానీ ఈసారి నేను మెట్లెక్కను. అమ్మ నిలబడ్డ చోట నిలబడతాను. నువ్వు వెనక్కి చూడకుండా ఎక్కు. ఒక్కో మెట్టూ మెల్లగా ఎక్కి గట్టిగా లెక్కపెట్టు. నాకు వినపడదు. అయినా లెక్కపెట్టు.

నీ నాన్న,
బంగారమ్మ కొడుకు,
పల్లంరాజు.